రిజర్వు బీరువాలో ఆమె పుస్తకం

బాపట్లలో నేను పాఠాలు చెప్పే కాలేజీ లైబ్రరీలో, కౌంటరు వెనక, అద్దాల తలుపుల బీరువా ఒకటుంది. దాన్ని అందరం రిజర్వు బీరువా అంటాం. సెమిస్టరు మొదలయ్యే ముందు ప్రతి లెక్చరరూ తన పేపరుకి పిల్లలు తప్పక చదవాల్సిన పుస్తకాల పేర్లు రాసిస్తే, వాటిని మామూలు అరల్లోంచి తీసి అందులో పెడతారు. ఇక వాటిని ఎవరూ ఇంటికి పట్టుకుపోవడానికి లేదు. గుర్తింపు కార్డు కౌంటరులో ఇచ్చి, పుస్తకం తీసుకుని, ఆ హాల్లోనే ఫ్యాను కింద కూర్చుని రెండు గంటలు చదువుకుని తిరిగి ఇచ్చెయ్యాలి. పుస్తకం ఒక్కటి, చదవాల్సినవాళ్ళు క్లాసెడు మంది, అందుకని ఈ ఏర్పాటు. పిల్లలంతా ఫోనుల్లోనే చదువుతున్నారు కదా, ఇంకా ఈ బీరువా దేనికండీ అని కొత్తగా చేరిన లెక్చరర్లు అడుగుతుంటారు. చదివేవాళ్ళు ఎక్కడైనా చదువుతారు, చదవనివాళ్ళకి బీరువా అయినా ఫోనయినా ఒకటే అంటాను. నా నోటికి జడిసి మళ్ళీ అడగరు.

లైబ్రరీలో లేని పుస్తకమైతే లెక్చరరు తన సొంత ప్రతిని కూడా అక్కడ పెట్టవచ్చు. లోపలి అట్ట మీద 'సొంత ప్రతి' అని చీటీ అంటిస్తారు. సెమిస్టరు అవగానే ఎవరిది వాళ్ళు తీసుకుపోతారు. అలా పెట్టిన మనిషి తీసుకుపోవడానికి రాని పుస్తకం ఒకటుండేది. అది నా స్నేహితురాలిది.

ఆమె భూగోళం చెప్పేది, నేను ఆర్థికశాస్త్రం. ఆమెది రేపల్లె, నాది తెనాలి. పొద్దున్నే రేపల్లె పాసింజరులో తెనాలి వచ్చి దిగేది. అక్కణ్ణించి ఇద్దరం కలిసి బాపట్ల బండి ఎక్కేవాళ్ళం. నిడుబ్రోలు రాకముందే టిఫిన్ బాక్సులు ఖాళీ అయ్యేవి, ఆ తర్వాత ఆమె ఒళ్ళో ఆ పుస్తకం తెరుచుకునేది. ఇంగ్లీషులో రాసిన లావుపాటి పుస్తకం. అందులోని నదులూ కొండలూ గాలులూ అన్నీ పరాయి దేశాలవి. ఈమె పక్కనున్న ఖాళీలో పెన్సిలుతో తెలుగులో రాసుకునేది. నది వంపులు తిరగడం గురించి ఉన్నచోట, 'పెనుమూడి వంతెన మీద బస్సు వెళ్ళేటప్పుడు కిటికీలోంచి చూడమని చెప్పు' అని ఉండేది. ఒండ్రు మట్టి గురించి ఉన్నచోట, 'మన మాగాణి ఇదే, నది తెచ్చి పోసింది' అని. ఇంకోచోట, 'ఇక్కడికొచ్చేసరికి వెనక బెంచీ నిద్రపోతుంది, కిటికీలు తెరిపించు' అని. ఎందుకే పుస్తకమంతా పాడుచేస్తావు, నోట్సు విడిగా రాసుకోవచ్చుగా అంటే, నోట్సు ఎక్కడో పెట్టి మర్చిపోతాను, ఇదయితే పాఠం పక్కనే ఉంటుంది అనేది. పిల్లలకి అసలు పుస్తకం కంటే ఆ పక్కనున్న రాతలే బాగా అర్థమయ్యేవి. అందుకే ఆ ప్రతి ఎప్పుడూ ఎవరో ఒకరి చేతిలో నలుగుతుండేది.

జబ్బు బయటపడిన సెమిస్టరులో కూడా ఆమె పుస్తకాన్ని ఎప్పటిలాగే రిజర్వులో పెట్టే ఆసుపత్రికి వెళ్ళింది. నాలుగు వారాల్లో వచ్చేస్తానంది. మళ్ళీ కాలేజీకి రాలేదు.

చివరిసారి రేపల్లె వెళ్ళి చూసినప్పుడు మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. జుట్టంతా పోయి తలకి స్కార్ఫు కట్టుకుంది. నీ పుస్తకం తెచ్చిమ్మంటావా అని అడిగాను. అప్పుడు అడగాల్సిన మాట అదేనా అని ఇప్పుడనిపిస్తుంది.

"వద్దే. ఇంటికొస్తే వీళ్ళు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. అక్కడయితే నలుగురి చేతుల్లో ఉంటది. అమ్మాయి డిగ్రీకి వచ్చాక అదే వెళ్ళి తీసుకుని చదువుకుంటది. నేను దానికి చెప్పాలనుకున్నయ్యన్నీ అందులో ఉన్నయి," అంది.

"నీ కూతురు భూగోళమే తీసుకుంటదని ఏంటి గ్యారంటీ? ఎకనామిక్స్ తీసుకుంటే?"

"తీసుకుంటే నువ్వు తిట్టు. తిట్టడం నీకొచ్చుగా," అని నవ్వింది. కూతురు అప్పటికి తొమ్మిదో తరగతి. పక్క గదిలో హోంవర్కు రాసుకుంటోంది.

ఆ నెల దాటలేదు. ఆమె భర్త ఎరువుల కొట్టు నడుపుతారు, మంచి మనిషి. కానీ ఆమె చీరలూ కాగితాలూ పుస్తకాలూ అన్నీ ఒక గదిలో పెట్టి తాళం వేసి, ఆ గది వైపు వెళ్ళడం మానేశారు. ఆయన బాధ ఆయనది. తాళం వేస్తారని ఆమె ముందే అంది కదా.

ఆ తర్వాత ప్రతి సెమిస్టరూ నా పేపరు పుస్తకాల కింద ఆమె పుస్తకం పేరు కూడా రాసి ఇచ్చేదాన్ని. భూగోళం పేపరు కొత్తగా వచ్చినతనికి వెళ్ళింది. అతను వేరే పుస్తకం చెప్పుకునేవాడు. ఆర్థికశాస్త్రం చెప్పే మనిషి భూగోళం పుస్తకం రిజర్వులో పెట్టమనడం ఏ నియమంలోనూ లేదు. లైబ్రేరియన్ గారు మొదటిసారి కళ్ళజోడు పైకి జరుపుకుని, "ఇది మీ పేపరు కాదు కదమ్మా," అన్నారు. "కాదండి. పెట్టండి," అన్నాను. ఆయన లోపలి చీటీ తెరిచి ఎవరి సొంత ప్రతో చూశారు. తీసుకెళ్ళి బీరువాలో పెట్టారు. అంతవరకూ ఆయనకీ నాకూ పేపర్ల గురించీ కుర్చీల గురించీ ఏదో ఒక తగాదా నడుస్తూనే ఉండేది. ఆ రోజునించి ఆయన మీద కోపం తెచ్చుకోవడం కష్టమైపోయింది.

అమ్మాయి వచ్చింది. భూగోళమే తీసుకుంది, నాకు తిట్టే అవసరం రాలేదు. బాపట్లలో హాస్టల్లో ఉండి శనివారం శనివారం రేపల్లె వెళ్ళేది. కాలేజీలో నన్ను మేడం అనేది, రైల్లో పిన్నీ అనేది. రిజర్వులో మీ అమ్మ పుస్తకం ఉంది, వెళ్ళి అడుగు అని చెప్పి, ఆ రోజు నేను కూడా పేపరు చదివే వంకతో హాల్లో కూర్చున్నాను. కార్డిచ్చి పుస్తకం తెచ్చుకుంది. కాసేపు పేజీలు తిప్పింది. ఉన్నట్టుండి కిసుక్కున నవ్వింది. కిటికీలు తెరిపించమన్న రాత దగ్గరకొచ్చిందని నాకు తెలిసిపోయింది. ఆ తర్వాత ఇంకేదో చదివి, పుస్తకం మీదికి వంగి చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఆ శనివారం రైల్లో చెప్పింది. 'ఇది చెప్తున్న రోజు అమ్మాయికి జ్వరం. సగంలో వదిలి వచ్చేశాను. వచ్చే ఏడు మొదటినించి చెప్పాలి' అని రాసి ఉందట.

"నాకు జ్వరం వచ్చినట్టే గుర్తులేదు పిన్నీ," అంది.

తర్వాత చాలాసార్లు అమ్మాయి ఆ హాల్లో కనిపించేది. కానీ చదివేది మాత్రం నత్తనడకే. రెండో ఏడు సగం గడిచినా పుస్తకం సగానికి రాలేదు. నాకసలే ఓపిక తక్కువ. ఒక శనివారం రైల్లో పట్టుకున్నాను.

"ఇంకా అక్కడే ఉన్నావేంటి? పరీక్షలయ్యాక చదువుతావా?"

"పరీక్షకి సార్ నోట్సు ఉందిగా పిన్నీ. ఇది పరీక్షకి కాదు."

"మరి?"

కిటికీ చువ్వ పట్టుకుని చెప్పింది. "మొత్తం చదివేశాననుకోండి, ఇంక అమ్మ దగ్గర నాకు తెలియని మాట ఏం ఉండదు. అందుకని కొంచెం కొంచెం చదువుతున్నా. చివర్లో సముద్రం గురించి మూడు చాప్టర్లున్నయి చూడండి, అవి ఫైనలియర్‌కి ఉంచుకున్నా. ఒక్క పేజీ కూడా తిప్పలేదు."

ఆ మూడు చాప్టర్లూ సిలబస్‌లో లేవు. తీరం పక్కనే పుట్టి సముద్రం గురించి చదవకపోతే ఎట్లా అని వాళ్ళమ్మ మాత్రం ఏటా చెప్పేది. నేను జిరాక్సు తీయించి ఇస్తానన్నాను. లేకపోతే ఫోనులో ఫోటోలైనా తీసుకోమన్నాను.

"వద్దు పిన్నీ. నా దగ్గరుంటే ఆగలేను, ఒక్క రోజులో చదివేస్తా. అక్కడుంటేనే మంచిది. రెండు గంటలవగానే లైబ్రరీ సార్ అడుగుతారు, ఇచ్చెయ్యాలి కదా."

రెండు గంటల నియమం ఉన్నది ఒక్కళ్ళే పుస్తకం పట్టుకు కూర్చోకుండా. అది ఇంకెవరికైనా ఇలా పనికొస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. తెనాలిలో రేపల్లె బండి ఎక్కించి, జంపని దాటాక ఫోన్ చెయ్యి అని అక్కర్లేని జాగ్రత్త ఏదో చెప్పి ఇంటికొచ్చాను. ఆ సాయంత్రమంతా నా స్నేహితురాలి మీద కోపం వచ్చింది. ఇంత తొందరగా పోవాల్సిన పని ఏముందే నీకు అని. ఇలాంటి కోపానికి అర్థం లేదని తెలుసు. తెలిసినా వచ్చింది.

ప్రతి వేసవిలో మా లైబ్రరీలో అట్టలూడిన పుస్తకాలని ఏరి, కట్టలు కట్టి, తెనాలిలో బైండింగుకి పంపుతారు. సొంత ప్రతులని పంపే అలవాటు లేదు, అవి లైబ్రరీవి కావు కనక. కానీ లైబ్రేరియన్ గారు ఈ ఏడు రిటైరవుతున్నారు. తన తర్వాత వచ్చేవాళ్ళు ఆ పుస్తకాన్ని ఎలా చూస్తారో అని ఆయనకి బెంగ పట్టుకుంది. ఇన్నేళ్ళుగా ఇంతమంది చేతుల్లో పడి దాని వెన్ను విరిగిపోయింది, కొన్ని పేజీలు ఊడి చేతికొస్తున్నాయి. ఎవరికీ చెప్పకుండా, తన ఖర్చుతో, దాన్ని కూడా కట్టలో పెట్టి పంపారు. అమ్మాయి చదువుకుంటోందని ఆయనకి తెలుసు. మూడో ఏడు మొదలయ్యేనాటికి కొత్త పుస్తకంలా ఆ పిల్ల చేతిలో పెట్టాలని ఆయన ఆశ.

సెలవులయ్యాక, ఇంకా పిల్లలు రాకముందు, నా పుస్తకాల పేర్లు ఇవ్వడానికి వెళ్ళాను. ఆయన నన్ను కూర్చోమని, బీరువాలోంచి తీసి నా ముందు పెట్టారు. మెరూన్ రంగు రెగ్జిన్ అట్ట. వెన్ను మీద బంగారు అక్షరాలతో పుస్తకం పేరు, దాని కింద ఆమె పేరు.

"మూడు రకాలు చూపించారమ్మా. ఇదే గట్టిదట. ఇక మనం పోయినా ఇది పోదు," అన్నారు.

చాలా బాగుందండి అంటూనే తెరిచాను. పుస్తకం చిన్నదైనట్టు అనిపించింది. కుట్టుపని అయ్యాక అంచులు సమంగా రావడానికి మూడు పక్కలా మిషనుతో కోస్తారు. చేతులు పడి నల్లబడ్డ అంచులన్నీ పోయి తెల్లగా వస్తాయి. ఊడిన పేజీలు హెచ్చుతగ్గులుగా ఉన్నందుకేమో దీన్ని మరీ లోపలికి కోశారు. అచ్చు పక్కన సన్నటి తెల్ల అంచు మాత్రం మిగిలింది. కుడివైపు పేజీల్లో ఆమె రాతలు మొదలై మధ్యలో ఆగిపోతున్నాయి. ఎడమవైపు పేజీల్లో మొదళ్ళు లేకుండా చివరలు మాత్రమే ఉన్నాయి. పేజీ తర్వాత పేజీ తిప్పాను. అంతా అంతే.

"ఏంటమ్మా, బాలేదా?" అన్నారాయన.

నేను ఒక పేజీ తెరిచి ఆయన ముందుకి తోశాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. ఇంకో పేజీ తిప్పి చూశారు. అట్ట ఎలా వచ్చిందో, అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో అని చూసుకున్నారు తప్ప ఆయన కూడా అప్పటివరకూ లోపలికి చూడలేదు. కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి అలాగే నిలబడ్డారు. నా ఉద్యోగమంతటిలో ఆయన్ని తిట్టడానికి ఇంత కారణం ఎప్పుడూ దొరకలేదు. అయినా తిట్టబుద్ధి కాలేదు.

"అమ్మాయికి ఏం చెప్తామమ్మా?" అన్నారు చివరికి.

మర్నాడు తెనాలిలో ఆ బైండింగు షాపు వెతుక్కుంటూ వెళ్ళాను. ఇరుకు సందులో చిన్న గది, జిగురు వాసన, గోడవార కుట్టడానికి పేర్చిన పుస్తకాలు. బైండింగు చేసేది ఒక పెద్దాయన, మర్యాదగా స్టూలు తుడిచి వేశారు. సంగతి చెప్పాను.

"కుట్టాక కోత పెట్టాల్సిందేనండి. లేకపోతే పుస్తకంలాగా ఉండదు," అన్నారు.

"పక్కన పెన్సిలు రాతలు ఉన్నాయి కదండీ, చూడలేదా?"

"ప్రతి పుస్తకంలోనూ ఉంటయండి. పిల్లలు రాస్తారుగా పిచ్చిగీతలు. అవి పోతేనే శుభ్రంగా ఉంటదని లైబ్రరీవాళ్ళే అంటుంటారు."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. నేను కూడా అలా గీసిన పిల్లల్ని చాలాసార్లు చీవాట్లు పెట్టాను. కోసిన ముక్కలు ఏం చేస్తారని అడిగాను. గాజు సామాను పగలకుండా సర్దేవాళ్ళు పట్టుకుపోతారట. ఆ నెలవి ఎప్పుడో వెళ్ళిపోయాయి. మూలనున్న గోనెసంచి కొత్తదని ఆయన చెప్తూనే ఉన్నారు. అయినా నేను వెళ్ళి చెయ్యి పెట్టి చూశాను. సేమియాలాగా సన్నటి కాగితపు పోగులు. ఆయన పాపం ఏమీ అనకుండా సంచి మూతి ఇంకొంచెం వెడల్పుగా తెరిచి పట్టుకున్నారు.

ఫోను నంబర్లు దొరికిన పాత విద్యార్థులందరినీ అడిగాను. ఇద్దరు ముగ్గురి దగ్గర ఫోటోలున్నాయి. అన్నీ పరీక్షకి వచ్చే పాఠాలవి, అమ్మాయి ఎప్పుడో చదివేసినవే. సిలబస్‌లో లేని సముద్రాన్ని ఎవరూ ఫోటో తీసుకోలేదు.

కాలేజీ తెరిచిన రోజు లైబ్రరీ మెట్ల దగ్గరే ఆ పిల్లని ఆపి చెప్పేశాను. ఎలా చెప్పాలో రైల్లో వస్తూ చాలా రకాలుగా అనుకున్నాను కానీ, తీరా చెప్పేటప్పుడు ఉన్నదున్నట్టే వచ్చింది. ఆ పిల్ల అడ్డం రాకుండా విని, "చూస్తాను పిన్నీ," అంది. కాలేజీలో పిన్నీ అనడం అదే మొదటిసారి.

లోపల లైబ్రేరియన్ గారు లేచి నిలబడి పుస్తకం రెండు చేతులతో ఇచ్చారు. ఏదో చెప్పబోయారు. "అమ్మ పేరు బాగా వేయించారండి," అంది ఆ పిల్ల. ఆయన కూర్చుండిపోయారు.

నేను పక్క కుర్చీలో కూర్చున్నాను. చదివేసిన పేజీల వైపు చూడనుకూడా చూడకుండా, తను దాచుకున్న చాప్టర్లు తెరిచింది. ఒక్కొక్క సగం మాటా వేలు పెట్టి చదివింది. కొన్నిచోట్ల, ఇది ఇదయ్యుంటుంది అని తనే పూర్తిచేసుకుంది. కొన్నిచోట్ల నా వైపు చూసింది. ఆటుపోట్ల గురించి ఉన్న పేజీలో రాత పక్కన కాకుండా పైన, అడ్డంగా రెండు వరసల్లో ఉంది. కోతలో పై వరస పోయింది. కింది వరస చెక్కుచెదరకుండా ఉంది. 'అని అమ్మాయి అడిగింది. నాకూ తెలియదన్నాను. నీకన్నీ తెలుసు చెప్పు అని ఒకటే పేచీ.'

ఆ పిల్ల దాన్ని రెండుసార్లు చదివింది.

"నేనేం అడిగాను పిన్నీ?"

నాకు తెలియదు. వాళ్ళమ్మ నాతో ఇరవయ్యేళ్ళు రైల్లో పక్కన కూర్చుంది, ఇంటి సంగతులన్నీ చెప్పింది, ఇది చెప్పిందో లేదో కూడా గుర్తులేదు. సముద్రం ఎందుకు వెనక్కి పోతుంది అని అడిగుంటావులే అన్నాను. నా మాటలో పస లేదని ఇద్దరికీ తెలుసు. ఆ పిల్ల కళ్ళు మూసుకుని గుర్తుతెచ్చుకోవాలని చూసింది. నుదురు ముడతలు పడింది, పెదవులు ఏదో అనబోయినట్టు కదిలాయి. కాసేపటికి కళ్ళు తెరిచి తల అడ్డంగా ఊపింది. అప్పుడు ఏడ్చింది. హాల్లో మిగతా పిల్లలుండటంతో చప్పుడు బయటికి రాకుండా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. నాకూ ఆగలేదు.

రెండు గంటలు ఎప్పుడో దాటాయి. లైబ్రేరియన్ గారు అడగలేదు, మా వైపు చూడలేదు కూడా. ఇవాళ్టికి చాల్లే, రేపు చదువుకుందువుగాని అన్నాను.

"ఇంక ఆపుకుని ఏం చేస్తాను పిన్నీ," అంది.

మళ్ళీ పుస్తకం మీదికి వంగింది. ఈసారి తొందర తొందరగా, పరీక్షకి చదివినట్టు చదివింది. సాయంత్రం లైబ్రరీ మూసే వేళకి ఆఖరి పేజీ తిప్పి అట్ట మూసింది. లేచి కౌంటరు దగ్గరికెళ్ళి, పుస్తకం ఆయన ముందు పెట్టి తన కార్డు తీసుకుంది.

"అయిపోయిందండి," అంది.